లంకయిండ్లకు గాజుముఖములా?

కొల్లేటికోటవంటి లంకగ్రామములయందు నేడు ఇల్లు కట్టువాడు మొదట విచారించునది పునాదియెత్తు గాదు, వీథిముఖపు సొగసు! చూరు లేదు, అరుగు లేదు. పడమటియెండకు నిలువెత్తు గాజుపలకలు! కాంక్రీటును మేము దూషింపము; 1977 నవంబరు దివిసీమ యుప్పెనలో తాటాకుటిండ్లు, మట్టిగోడలు ఏమైనవో యెరుగుదుము. దోషము సిమెంటుది గాదు, గుడ్డి యనుకరణముది. వేసవియందు ఉప్పుటేరు వెంబడి సముద్రపు టుప్పునీరు కొల్లేటిలోనికి ఎగదన్నును. ఆ నీటితో కాంక్రీటు కలుపుట యెంత సాహసము! తీరప్రాంతమునకు 2000 సంవత్సరపు భారతప్రమాణము ఇనుపకమ్మికి 45 మిల్లీమీటర్ల కవరు విధించుచుండగా, అంగుళముతో సరిపెట్టు మేస్త్రులు గలరు. యజమాని పైని పలకరాళ్లను చూచి మురియును! లోన కమ్మి త్రుప్పుపట్టి యుబ్బి, ఒకనాడు పెచ్చులు బిడ్డలమీద రాలును. 2024 సెప్టెంబరున బుడమేటి వరద కొల్లేటిని నింపి లంకదారులను మింగినప్పుడు ఏ గాజుముఖము ఎవరిని గాచినది? గృహస్థులారా! ఆ వ్యయమును పునాదికిని, చూరునకును, కవరునకును మరల్పుడు. పిమ్మట రూకలు మిగిలినచో రంగులు వేసికొనుడు, మాకేమి యభ్యంతరము?