సిరా చుక్కకు నోచని వేలు

ముప్పై ఏళ్ల టీచర్ ఉద్యోగంలో, పోలింగ్ డ్యూటీకి వెళ్లినప్పుడల్లా ఎందరి వేళ్లకు సిరా పెట్టానో లెక్కలేదు. ఎడమ చూపుడు వేలి గోరు మీంచి చర్మానికి అంటేలా గీత గీయాలి. ఆరేదాకా తుడుచుకోనివ్వకూడదు. 2023 నవంబరు 30న నేనూ ఓటేసి, మా మీర్‌పేట్ ఇంటికొచ్చి, డల్లాస్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్‌లో వేలు చూపించాను. వాడూ తన వేలు ఎత్తి చూపించాడు. మచ్చ లేదు. నలభై దాటిన మనిషి, ఏ దేశంలోనూ ఓటు వేయడం లేదు.

ఇబ్రహీంపట్నం దగ్గరి కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, 2010లో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద అమెరికా వెళ్లాడు. 2015లో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పడింది. ఇంకా వంతు రాలేదు. వచ్చినా పౌరసత్వానికి మరో ఐదేళ్లు. ఉద్యోగం మీద ఏటా ఇచ్చే 1,40,000 కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్నది 1990 నాటి చట్టం. లక్షల జనాభా ఉన్న దేశానికీ 140 కోట్ల మనకూ అదే కొలత. ఆ పరిమితి తీసేద్దామని 2019 జులైలో అక్కడి ప్రతినిధుల సభ 365 ఓట్లతో బిల్లు నెగ్గించింది. చట్టం మాత్రం కాలేదు.

టెక్సస్‌లో ఇంటిపన్నులో పెద్ద భాగం బడులకు పోతుంది. వాడు ఆ పన్ను కడతాడు. పోయినేడు వాళ్ల కాలనీ పిల్లలను దూరపు బడికి మార్చారు. వాడు మీటింగుకు వెళ్లి మాట్లాడి వచ్చాడు, అంతే. స్కూల్ బోర్డును ఎన్నుకునేది ఓటర్లు కదా. 2020 జనాభా లెక్కల తర్వాత టెక్సస్‌కు ప్రతినిధుల సభలో రెండు సీట్లు పెరిగాయి. ఆ లెక్కలో నా కొడుకూ ఉన్నాడు. తలను లెక్కపెట్టుకున్నవాళ్లు ఆ మనిషి మాట కూడా వినాలి.

వినకపోతే ఏమవుతుందో 2017 ఫిబ్రవరిలో చూశాం. కాన్సస్‌లో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ద్వేషంతో కాల్చి చంపారు. భర్తతోపాటే భార్య సునయనకు ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే గానీ, అంత్యక్రియలకు ఇక్కడికి వచ్చిన ఆమె తిరిగి వెళ్లలేకపోయింది. హక్కుగా రావాల్సింది ఒకరి దయతో వచ్చింది.

మరో దారి లేదా? మా చెల్లెలి కూతురు చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లి, ఏడాది తిరక్కముందే 2024 జులైలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటేసింది. కామన్వెల్త్ పౌరులకు అక్కడ ఆ హక్కుంది. అమెరికాలోనే మేరీలాండ్‌లోని టకోమా పార్క్ అనే చిన్న ఊళ్లో పౌరులు కానివాళ్లు మూడు దశాబ్దాలుగా ఊరి ఎన్నికల్లో ఓటేస్తున్నారు. పదేళ్లు పన్ను కట్టినవాళ్లకు కనీసం బడి ఎన్నికల్లోనైనా ఓటు ఇవ్వాలి.

ఇష్టపడి పోయినవాడికి ఈ బాధ దేనికి అంటారు. మా వీధిలో సగం మంది నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లే. ఫారం-6 నింపి ఇక్కడే ఓటు రాయించుకున్నారు. ఒకే దేశం కాబట్టి అది తేలికైంది, ఒప్పుకుంటాను. కానీ పదిహేనేళ్లు ఒకచోట బతికిన మనిషిని ఇంకా చుట్టంగానే చూడటం న్యాయం కాదు.

మన తప్పూ ఉంది. విదేశాల్లో ఉన్న మన పౌరులు ఓటరుగా పేరు రాయించుకోవచ్చు, ఓటు వేయాలంటే మాత్రం స్వయంగా రావాలి. వాళ్ల తరఫున మరొకరు ఓటేసే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించింది, మరుసటి ఏడాది అది మురిగిపోయింది. గల్ఫ్‌లో ఉన్న కరీంనగర్, నిజామాబాద్ కూలీలకు అక్కడ పౌరసత్వం ఆశే లేదు. ఇక్కడి ఓటేమో విమానం టికెట్‌తో ముడిపడింది.

నా మనవరాలు రెండేళ్ల పిల్లగా అమెరికా వెళ్లింది. తమ్ముడు అక్కడే పుట్టాడు. ఒకే కంచంలో తిన్న పిల్లల్లో వాడు పౌరుడు, ఈమె తండ్రి వీసా నీడలో ఉంది. ఇరవై ఒకటి నిండేలోగా తండ్రి వంతు రాకపోతే ఆ నీడా ఉండదేమోనని ఇంట్లో అందరికీ దిగులు. పోయిన నెల ఫోన్‌లో అడిగింది: "నానమ్మా, ఇండియాలో ఓటుకు పద్దెనిమిదే కదా, నా పేరు రాయిస్తావా?" పాస్‌పోర్టు కాపీ పంపమన్నాను. విదేశాల్లో ఉన్నవాళ్ల ఫారం 6ఏ ముందేసుకుని, ఇండియాలో చిరునామా అన్నచోట మా ఇంటి నంబరు రాశాను.