ఆ ముప్ఫై పేజీలు ఇవ్వండి

పాచిపెంట కొండల మీది ఊరి నుంచి పీజీ దాకా వచ్చిన ఒక అమ్మాయికి ఈ వారం ఒక పుస్తకంలో ఒకే ఒక్క అధ్యాయం కావలసి వచ్చింది. ముప్ఫై పేజీలు. పుస్తకం లైబ్రరీలో ఉంది. సెమిస్టరు మొదట్లో మాస్టారు ఇచ్చిన లిస్టు ప్రకారం దాన్ని కౌంటరు వెనక బీరువాలో పెట్టి, లోపలి అట్ట మీద ‘రిజర్వు’ అని ఎర్ర ముద్ర వేశారు. అక్కడే కూచుని రెండు గంటలు చదువుకోవాలి, బయటికి ఇవ్వరు. పోనీ ఆ పేజీలు జెరాక్స్ తీయించుకుంటానంటే ‘‘కాపీరైట్ ఉందమ్మా, కుదరదు’’ అన్నారు. అది ఏ లైబ్రరీయో రాయను. ఒక్కచోటి సంగతే అయితే వెళ్లి మాట్లాడి వచ్చేవాణ్ని, శీర్షిక రాసేవాణ్ని కాదు.

రిజర్వు పద్ధతి మీద నాకు కోపం లేదు. ఉన్నవి ఒకటో రెండో కాపీలు, చదవాల్సినవాళ్లు క్లాసు నిండా. ఒకరు పట్టుకుపోయి నెల్లాళ్లు ఉంచేసుకుంటే మిగిలినవాళ్ల గతేమిటని పెట్టిన ఏర్పాటు అది. మంచిదే. కానీ ఆ రెండు గంటలు ఎవరికి పనికొస్తాయి? హాస్టల్లో ఉన్నవాళ్లకు. సాయంత్రం సాలూరు బస్సు తప్పిపోతే పాచిపెంట నుంచి పైకి ఆటో దొరకని పిల్లకు కాదు. ఇంగ్లీషులో ఉన్న అధ్యాయం, డిక్షనరీ పక్కన పెట్టుకుని పేరా పేరా కూడబలుక్కోవాల్సిన అధ్యాయం, రెండు గంటల్లో తెమలదు. రిజర్వూ జెరాక్సూ జోడెడ్లు. ఒకదాన్ని విప్పేసి రెండోదానితో దున్నమంటున్నారు.

ఇంతకీ చట్టం ఆ మాట అందా? అనలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఏవేవి ఉల్లంఘన కావో వరసగా చెబుతుంది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే నకలు అందులో ఉంది. సొంత చదువుకీ పరిశోధనకీ న్యాయమైన మేరకు వాడుకోవడమూ ఉంది. ఈ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో తేలడానికి ఢిల్లీలో పెద్ద యుద్ధమే జరిగింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరీ ఫొటోకాపీ దుకాణం మీదా, ఢిల్లీ యూనివర్సిటీ మీదా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012 ఆగస్టులో దావా వేశాయి. నేరమల్లా సిలబస్ ప్రకారం వేర్వేరు పుస్తకాల నుంచి అధ్యాయాలు తీసి, కుట్టి పిల్లలకు అమ్మడం. మన కాలేజీల్లో ‘మెటీరియల్’ అనే కట్టలే అవి. ఆ పుస్తకాలు రాసినవాళ్లలోనే చాలామంది పిల్లల పక్షాన నిలబడ్డారు. అమర్త్యసేన్ కూడా ప్రచురణకర్తలకు వద్దని రాశారు.

2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. డిసెంబరు 9న డివిజన్ బెంచి ఇంకో మెట్టు స్పష్టంగా చెప్పింది: ఇన్ని శాతం పేజీలే తీయాలనే లెక్క చట్టంలో లేదు, చదువుకి ఎంత అవసరమో చూడాలి అంతే. బోధన అంటే క్లాసులో గంట కొట్టిన దగ్గర్నుంచి మళ్లీ గంట కొట్టేదాకా మాత్రమే కాదని, యూనివర్సిటీ ఆ పని బయటి దుకాణంతో చేయించుకున్నా తప్పు లేదని తేలింది. ఆ పుస్తకాలు నిజంగా పాఠానికి అవసరమేనా వంటి ప్రశ్నలు విచారణకు మిగిలితే, 2017 మార్చిలో ప్రచురణ సంస్థలే దావా వెనక్కి తీసుకున్నాయి. ప్రచురణకర్తల తరఫున సొమ్ము వసూలు చేసే సంస్థ సుప్రీంకోర్టుకు వెళితే, అదే ఏడాది మేలో అక్కడా చుక్కెదురైంది.

ఢిల్లీ హైకోర్టు మాట మనకెందుకనే పెద్దమనుషులున్నారు. దేశమంతటికీ చట్టం ఒకటే. ఇన్నేళ్లయినా కౌంటరు మీద ‘జెరాక్స్ తీయరాదు’ బోర్డు మాత్రం కదల్లేదు. మినహాయింపు సంగతి చెప్పే బోర్డు నేనెక్కడా చూడలేదు.

ఆ రిజర్వు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. వెన్నుకి బ్రౌను టేపు. మూసి పక్కనుంచి చూస్తే మధ్యలో సన్నటి గీతలా కాగితాల అంచు మాసిపోయి నల్లగా ఉంది. అటూ ఇటూ పేజీలు తెల్లగా, విప్పనట్టే ఉన్నాయి. తెరిస్తే ఆ నల్లటి భాగమే సిలబస్‌లో ఉన్న అధ్యాయం. మార్జిన్లో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు, రెండు మూడు రకాల చేతిరాతలు. ఆ ముప్ఫై పేజీల కోసం ఏ విద్యార్థీ పుస్తకం మొత్తం కొనడు, కొనలేడు. జెరాక్స్ ఆపితే ప్రచురణకర్తకు ఒక్క పుస్తకమైనా ఎక్కువ అమ్ముడుపోదు. పిల్ల చదవకుండా పరీక్షకు వెళుతుంది, లేదా గైడు కొనుక్కుంటుంది.

ఆన్‌లైన్లో అన్నీ ఉన్నాయి కదా అంటారు. ఒకే దేశం ఒకే చందా పథకానికి 2025 నుంచి మూడేళ్లకు కేంద్రం రూ.6,000 కోట్లు పెట్టింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. గొప్ప పనే. అయితే అవి పరిశోధన పత్రికలు. డిగ్రీ, పీజీ పిల్లలు మొదట చదవాల్సింది పుస్తకంలో అధ్యాయం. అది ఈ చందాలో రాదు.

అసలు నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఇది చాలా ఏళ్లుగా చెబుతున్నాను, మళ్లీ చెబుతాను. మన కొండల గురించి రాసిన పుస్తకాలు మన కొండలకు రాలేదు. వెరియర్ ఎల్విన్ సవరల మీద రాసిన ‘ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’ 1955లో వచ్చింది. వేసినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ వాళ్లే, ఢిల్లీలో పిల్లల జెరాక్స్ మీద కోర్టుకెక్కినవాళ్లే. ఎల్విన్ 1964 ఫిబ్రవరిలో పోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు. అంటే 2024 డిసెంబరు 31తో తీరిపోయింది. 2025 జనవరి 1 నుంచి ఆ పుస్తకం మొత్తాన్ని ఎవరైనా నకలు తీయొచ్చు, అచ్చు వేయొచ్చు, తెలుగు చేయొచ్చు. ఏ లైబ్రరీ అయినా ఆ రోజు గుర్తుపెట్టుకుందా?

గిడుగు రామమూర్తి పంతులుగారి సవర వ్యాకరణం 1931ది, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938ది. ఆయన 1940లో పోయారు. హక్కుల గొడవ ఎప్పుడో ముగిసింది. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి ఉపన్యాసాలిచ్చే కాలేజీల్లో ఎన్నింటి అలమరల్లో ఆ నిఘంటువు ఉంది? సీతంపేట నుంచో, గుమ్మలక్ష్మీపురం నుంచో వచ్చిన సవర విద్యార్థి చేతికి ఎవరైనా ఇచ్చారా?

భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల భాష మీద రాసిన పుస్తకం 1969లో రాష్ట్ర ప్రభుత్వపు గిరిజన పరిశోధన సంస్థే ప్రచురించింది. హక్కు ప్రభుత్వానిదైతే అచ్చయిన ఏడాది నుంచి లెక్క, 2029తో సరి. రచయితదైతే ఆయన 2012లో పోయారు గనక 2072 దాకా ఆగాలి. ఏది నిజమో ప్రభుత్వం ఒక్క కాగితం మీద రాసిస్తే తేలిపోతుంది. ఈలోగా కూడా దారి ఉంది. మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన కోసం మూడు కాపీల దాకా తీసుకోవచ్చని అదే 52వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే లైబ్రరీ ప్రజలది కాదని ఎవరైనా వాదిస్తే, ఆ వాదన నేను వినాలి.

రచయితకు విలువ లేదని నేననడం లేదు. విలువ ఇవ్వాల్సినచోట మనం ఇవ్వడం లేదు. తెలుగులో కవో కథకుడో చేతి డబ్బు పెట్టి నాలుగైదు వందల కాపీలు వేసుకుంటాడు. నెల తిరక్కుండా పుస్తకం మొత్తం పీడీఎఫ్ అయి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పంపేవాళ్లలో లెక్చరర్లున్నారు, పుస్తకప్రియులమని చెప్పుకునేవాళ్లున్నారు. ‘‘తెలుగు సేవ’’ అంటారు. అది దొంగతనం. ఆ పుస్తకం బజార్లో ఉంది, రాసినవాడు బతికి ఉన్నాడు, అమ్ముడుపోతే తప్ప రెండో పుస్తకం వేయలేడు. అక్కడ గుర్తురాని కాపీరైట్ ముప్ఫై పేజీలు అడిగిన గిరిజన విద్యార్థిని దగ్గర ఎలా గుర్తొస్తుంది?

2014 విభజన చట్టం మాట ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరం దగ్గర కొండకరకంలో తాత్కాలికంగా మొదలైంది. సొంత ఆవరణకు 2023 ఆగస్టు 25న మెంటాడ, దత్తిరాజేరు మండలాల సరిహద్దులో శంకుస్థాపన జరిగింది. నేను పైన చెప్పిన సంగతి అక్కడిది కాదు. కానీ ఆ కొత్త లైబ్రరీ మీద నాకు ఆశ ఉంది గనక అడుగుతున్నాను. సెమిస్టరు మొదలవగానే ప్రతి పేపరుకీ కావలసిన అధ్యాయాలు తీసి, మొదటి పేజీలో పుస్తకం పేరు, రచయిత పేరు స్పష్టంగా రాసి, కట్టలు కట్టి కౌంటర్లో పెట్టండి. జెరాక్స్ ఖర్చు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోవద్దు. పుస్తకానికి పుస్తకం నకలు తీసి బయట అమ్ముకునేవాణ్ని పట్టుకోండి, అందులో నేనూ మీ పక్షమే. కాపీరైట్ సంగతి తెలిసిన మనిషిని ఒకరిని ఆ కౌంటర్లో కూచోబెట్టండి. తెలియనివాడికి కుదరదు అనడమే సులువు, ఉద్యోగానికి భద్రం కూడా.

ఎల్విన్ పుస్తకం బీరువాలో ఉన్న లైబ్రేరియన్లు ఈ సోమవారమే దాన్ని స్కానర్ మీద పెట్టండి. ఒక ప్రింటు పాచిపెంటకు పంపండి. కాగితం ఖర్చు, బైండింగు ఖర్చు నేనిస్తాను.