పాత బండి రోత కాదు

“మొదటిసారి కొంటూ సెకండ్ హ్యాండ్ ఏమిట్రా?” కారు మాట ఎత్తిన ఏ ఇంట్లోనైనా ఈ ప్రశ్న వినపడుతుంది. బాగుంటే వాళ్లెందుకు అమ్ముతారు, గుద్దిన బండేమో, అందులో ఎవరైనా పోయారేమో, మనకు అచ్చొస్తుందో లేదో అని ఒకరి తర్వాత ఒకరు అడ్డుపడతారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అనే సామెత కారు దగ్గరికొచ్చేసరికి శాసనమైపోయింది. చివరికి నెలకు నలభై వేలు తెచ్చుకునే కుర్రాడు ఏడేళ్ల లోను పెట్టి కొత్త కారు తీసుకుని, గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తోలుకొస్తాడు. ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను. దాని వెనక ఉన్న నమ్మకాన్నే తప్పుపడతాను. మొదటి కారు కొంటున్న మధ్యతరగతి ఇంటికి మూడు నాలుగేళ్లు తిరిగిన బండిని పరీక్ష చేయించి కొనుక్కోవడమే మేలు.

లెక్క చూద్దాం. షోరూమ్ ధర ఎనిమిది లక్షలున్న కారుకు మన రెండు రాష్ట్రాల్లోనూ లైఫ్ ట్యాక్స్ 14 శాతం. అంటే లక్షా పన్నెండు వేలు. దాని పైన బీమా, రిజిస్ట్రేషన్. ఇక బీమా కంపెనీలు కారు విలువ కట్టడానికి వాడుతూ వస్తున్న తరుగుదల పట్టిక ఒకటుంది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40 శాతం తీసేస్తారు. ఆ లెక్కన మన ఎనిమిది లక్షల కారు నాలుగో ఏట అడుగుపెట్టేసరికి 4 లక్షల 80 వేలు. బజారు ధర ఇంతకు అటూ ఇటూ ఉంటుంది, గిరాకీ ఉన్న మోడలైతే ఎక్కువే పలుకుతుంది. కానీ కట్టిన లైఫ్ ట్యాక్స్ ఆ విలువలో ఎక్కడా లెక్కకు రాదు.

ఇప్పుడు అప్పు వైపు చూడండి. ఎనిమిది లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 13 వేల పైచిలుకు. మొత్తం కట్టేది దాదాపు 11 లక్షలు. మూడేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టాక కూడా బ్యాంకుకు ఇంకా 5 లక్షల 20 వేలు బాకీ ఉంటుంది. బీమా కాగితం మీద కారు విలువకన్నా అప్పే ఎక్కువన్నమాట. ఆ సమయంలో ఉద్యోగం పోతేనో, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు మీదపడితేనో కారు అమ్మి బయటపడదామన్నా చేతి నుంచి వేసుకోవాల్సి రావచ్చు. నలభై వేల జీతంలో మూడో వంతు మింగుతూ కూర్చున్న ఈ అప్పును శుభం అని ఎలా అనగలం?

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, ఇక పాతది ఎందుకు అని కొందరంటున్నారు. కొత్తది చవకైతే పాతదాన్ని మునుపటి ధరకు ఎవరు కొంటారు? అదీ దిగాల్సిందే. బేరం చేసుకునేవాడికి అదొక ఆధారం.

బాగుంటే ఎందుకు అమ్ముతారన్న ప్రశ్నకు నాదొక ఎదురు ప్రశ్న. ఇల్లు కొనేటప్పుడు ఇలాగే అంటామా? పాత ఇల్లయితే లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, లాయరుకు చూపిస్తాం, గోడలు తట్టి చూస్తాం, నచ్చితే కొంటాం. కారు అమ్మేవాడికి బదిలీ అయింది, అమెరికా వీసా వచ్చింది, పిల్లలు పుట్టి పెద్ద బండి కావాల్సి వచ్చింది. కార్లు ఇలాగే చేతులు మారతాయి. ఇంటి దగ్గర చూపించే ఆ ఓపికను కారు దగ్గర చూపించకుండా, పాతవన్నీ మోసమని తీర్పు చెప్పేస్తున్నాం.

మోసం లేదని నేననను. ఉంది. విజయవాడను ముంచిన బుడమేరు వరద తర్వాత ఆరు నెలలకు మా పిన్ని కొడుకు ఆ ఊళ్లోనే ఒక కారు చూడ్డానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. తెల్ల కారు, తళతళలాడుతోంది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల అగరొత్తుల వాసన. ఆటోనగర్ నుంచి మాతో వచ్చిన మెకానిక్ బానెట్ జోలికి పోలేదు. వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. లాగుతూనే ఉన్నాడు. ఆఖరి జానెడు బయటికొచ్చేసరికి బెల్టు మీద గోధుమరంగు చార. బొటనవేలితో రుద్దితే సన్నటి ఒండ్రు పొడి రాలింది. తర్వాత డిక్కీ అడుగున స్టెప్నీ ఉండే గుంట తీసి చూపించాడు. బోల్టు తలలన్నీ తుప్పు. “ఇది నీళ్లు తాగిన బండి సార్, రండి పోదాం” అన్నాడు. పది నిమిషాలు పట్టలేదు. సీటు కవర్లు మార్చొచ్చు, కార్పెట్ కడగొచ్చు. తలుపు పక్క స్తంభంలో చుట్టుకుని ఉండే బెల్టు కొసను కడగాలని మాత్రం ఎవరికీ తోచదు. అంత పెద్ద మోసాన్ని పట్టుకోవడానికి మాకు ఖర్చయింది ఆ మెకానిక్ చేతిలో పెట్టిన ఐదొందలు.

ఇలాంటి ఆనవాళ్లు కారు ఒంటి నిండా ఉంటాయి. పొద్దున్నే, బండి స్టార్టు చేయకముందే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే ఇంజన్ వేడి చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్టు చేయించి సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమోనని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే మజ్జిగ మీగడలాంటి తెట్టు కనపడిందా, ఇంకేమీ చూడకుండా వచ్చేయండి. అద్దాల మూలన తయారైన సంవత్సరం గుర్తు ఉంటుంది. అన్నీ ఒక ఏడాదివై ఒక్కటి వేరేదైతే ఆ పక్క దెబ్బ తగిలిందేమో గట్టిగా అడగాలి. తలుపు కీళ్ల బోల్టుల మీద పెయింటు లేచిపోయి ఉంటే స్పానర్ పడ్డట్టే. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న బండికి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును నమ్మకండి, కంపెనీ సర్వీసు సెంటర్లో పాత సర్వీసు వివరాలు అడగండి. ఈ పని మీకు రాకపోతే వచ్చినవాడిని తీసుకెళ్లండి. అమ్మేవాడు తెచ్చిన మెకానిక్ మాత్రం వద్దు.

పొదుపు సంగతి అలా ఉంచి, నన్ను ఈ వైపు గట్టిగా నిలబెట్టింది ప్రాణభద్రత. ఆరు లక్షలే ఉన్న ఇల్లు కొత్తదే కావాలని పట్టుబడితే ఆ డబ్బుకు దొరికే చిన్న కారుతో సరిపెట్టుకోవాలి. అదే డబ్బుకు మూడేళ్ల కిందటి కార్లలో ఇంకాస్త పెద్దది, గట్టి బాడీ ఉన్నది, క్రాష్ టెస్టులో మంచి స్టార్లు తెచ్చుకున్నది వెతుక్కోవచ్చు. పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేవాళ్లకు సీటు కవరు మీది ప్లాస్టిక్ కాగితంకన్నా ఇది ముఖ్యం కాదా? అలాగని ఎంత పాతదైనా పర్వాలేదనను. ఏబీఎస్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ ఉండాలన్న నిబంధన పాత మోడళ్లకూ వర్తించింది 2022 జనవరి నుంచి. కాబట్టి 2022కు ముందు తయారైనదాని వైపు చూడకండి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి బెంగ ఉంటే 2023 ఏప్రిల్ తర్వాత తయారైనది వెతకండి.

కొత్త కారు సరైన సందర్భాలూ ఉన్నాయి. సగానికి పైగా డబ్బు చేతిలో ఉండి, పన్నెండు పదిహేనేళ్లు అదే బండి వాడుకునేవాళ్లకు తరుగుదల లెక్క పెద్దగా పట్టదు. వాళ్లు కొనుక్కోవచ్చు. పాత కారు లోనుకు వడ్డీ ఎక్కువన్నదీ నిజమే. పైగా కొందరు ఫైనాన్సు వాళ్లు మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేసే ఫ్లాట్ రేటు చెబుతారు. ఐదేళ్లకు పది శాతం ఫ్లాట్ అంటే అసలు వడ్డీ 17 శాతం దాటుతుంది. అందుకే పాత కారుకు వీలైనంత సొంత డబ్బు పెట్టి, అప్పు చిన్నదిగా, రెండు మూడేళ్లలో తీరేలా చూసుకోవాలి.

ఢిల్లీ బళ్ల గురించి ఒక మాట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగకూడదని ఆంక్షలు రావడంతో ఆ వయసుకు దగ్గరపడ్డవి చవగ్గా మన వైపు వచ్చాయి. ధర చూసి మోసపోకండి. ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్పించుకోవాలి. మొదటి కారుకు ఈ తిరుగుడు వద్దు.

కాగితాల దగ్గర మొహమాటం అసలే పనికిరాదు. ఎన్నో యజమాని, బీమా ఎప్పటిదాకా, ఫైనాన్సు ఉందా అన్నది నంబరు కొట్టి రవాణా శాఖ రికార్డుల్లో చూసుకోండి. చలాన్లు విడిగా చూసుకోవాలి. లోను తీరిపోయిందని నోటిమాటగా అంటే సరిపోదు. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. అమ్మేవాళ్లూ ఇది వినాలి. కారు చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం బాధ్యత ఆర్‌సీలో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. తెలిసినవాళ్లే కదా, నెమ్మదిగా మార్చుకుందాం అనుకుని తాళాలు ఇచ్చేసినవాళ్లు, ఎక్కడో ఎవరో నడిపిన బండికి కోర్టు మెట్లెక్కుతారు. బేరం కుదిరినా డబ్బులో కొంత మీ దగ్గరే ఉంచుకోండి. మీ పేరుతో ఆర్‌సీ వచ్చాకే మిగతాది ఇవ్వండి.