పదహారు మెట్లకు ఆవల

పోర్టు లూయీ రేవున నీటియంచు నుండి పైకి సాగు రాతిమెట్లు 16 కలవు. మడగాస్కరునకు తూర్పున, నడిసంద్రమున నున్న మారిషస్ దీవికి 1834 మొదలుకొని చెరకుతోటల చాకిరికై ఒడంబడికపై తరలిపోయిన సుమారు నాలుగున్నర లక్షల భారతీయులలో, ఎందరో ఆ మెట్లెక్కియే క్రొత్త నేలపై అడుగిడిరి. ఆప్రవాసి ఘాట్ అను పేర ఆ చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఆ జనసమూహమున మన గోదావరి, విశాఖ, గంజాము తీరముల వారును కలరు. వారు ఓడయెక్కిన రేవులలో కోరంగి యొకటి. 1839 నాటి పెనుతుపానుకు ఆ పట్టణము నేలమట్టమైనను, దాని పేరు మాత్రము సముద్రము దాటి, పరాయి గడ్డలపై తెలుగువానికే ‘కోరంగి’ యను వ్యవహారముగా నిలిచినది. ఓడ దిగిన కూలీ పేరును గుమాస్తా తన చెవికి తోచిన రీతిని తన లిపిలో వ్రాసికొనగా, తండ్రి పేరు బిడ్డకు ఇంటిపేరైనది. అందుచేతనే అప్పన్న, సింహాద్రి వంటి నామములు అచట నేటికిని వంశనామములై వెలయుచున్నవి. ఊరు మరచినవారు ఊరి దేవుని మరువలేదు. వలసదారుల నాటి చిట్టాలు, ఛాయాచిత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. తాత జాడ వెదకికొనుచు వచ్చు మనుమనికి ఆ పుటలే పుట్టినింటి గడప.

ఆ దీవిలో తెలుగువారి యిండ్ల నిత్యభాష నేడు క్రియోలు. అయినను రామభజన జరుగు రాత్రి వేరొక లోకము కనులయెదుట నిలుచును. నడుమ దీపము వెలిగించి, దాని చుట్టును వలయముగా అడుగులు వేయుచు, తాళముల లయకు గొంతు కలిపి, ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవారు వరకు పాడుదురు. పగలంతయు పరభాషలో బ్రదికినవారు, ప్రతి పదమున కర్థము తెలియనివారు సైతము, ఆ రాత్రి తెలుగులోనే ఊపిరి తీయుదురు. భాష మరణించినదనుటకు మాటలాడువారి లెక్కనే ప్రమాణముగా గైకొను పండితులతో నేనిట ఏకీభవింపజాలను. నాలుక మరచినదానిని పాదములు జ్ఞప్తియందుంచుకొనిన యీ విచిత్రమును ఏ లెక్కలో చేర్తురు?

1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ వెలసినది, ఉగాది సెలవుదినమైనది, పాఠశాలలలో తెలుగు బోధనకు చోటు దొరకినది, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవియందే జరిగినవి. ఇవన్నియు గర్వింపదగినవే. కాని ఆంధ్ర మహాసభ పుట్టుటకు ముందటి నూరేండ్లు ఏ గ్రాంటు గాని, గ్రంథము గాని లేక, తోట గుడిసెలలో అలసిన శరీరములతో ఈ దీపమును ఆరనీక కాచినవారి పేర్లు ఏ శాసనమునను లేవు. సంస్థలు పెంచిన మొక్కకు విత్తనము వారిది.

మనము ఆ దీవి తెలుగువారికేమి చేసితిమి? పండుగకు అతిథులమై వెళ్ళి, శాలువలు కప్పి వచ్చుట చాలదు. ఇంట తెలుగు వినని పిల్లవానికి, ఇంట తెలుగు వినిన పిల్లవాని వాచకమును పంపుట న్యాయము కాదు. క్రియోలు నుండి తెలుగునకు త్రోవ చూపు వాచకమును ఆ దేశపు గురువులతో కలిసి కూర్చవలెను. వృద్ధులు పాడు భజనలను, అందలి పలుకుబడితో, యాసతో సహా, మన విశ్వవిద్యాలయములు ధ్వనిముద్రణ చేయవలెను. ఈ పని మరియొక తరము ఆగదు.

ఈ పత్రిక తన వంతుగా రాబోవు సంచిక నుండి నాలుగు పుటలను ఆ దీవివారికై కేటాయించుచున్నది. పాటలు, ఉత్తరములు, తాతలు చెప్పిన కథలు పంపుడు. రోమను లిపిలో నున్నను సరియే, నుడి తడబడినను సరియే. మీ పలుకును దిద్దక ప్రకటింతుము.