రోడ్డు లేస్తున్నది, గడప మునుగుతున్నది

సనత్‌నగర్ బస్తీలల్ల తిరిగితె పాత ఇండ్ల గడపలు రోడ్డు కన్న కిందికి కనవడ్తయి. ఇండ్లు కుంగలే. పాత తారు గీకకుంట మీదికెళ్లి కొత్తది పోసుకుంట రోడ్డునే లేపిన్రు. పక్కన బల్కంపేట ఎల్లమ్మ తల్లి పది ఫీట్ల కింద కొలువుండుడు మహిమ. మన గడప కిందికి దిగితె మాత్రం తప్పు మనుషులదే.

2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌ల ఎన్నో ఇండ్లల్లకు నీళ్లు సొచ్చినయి. పునాది కాడ నీళ్లు నిలిస్తె నల్లరేగడి ఉబ్బుతది, ఎండకు కుంచుకపోతది, గోడ పగుల్తది. అందుకే గోడ నుంచి పది ఫీట్లకు ఆరు ఇంచుల వాలు ఉండాలె. కని రోడ్డే ఎత్తుంటె ఆ నీళ్లు ఎటు పోవాలె?

తమ్మీ, మీ ఊర్ల సీసీ రోడ్డు పడకముందే గడప మట్టం కొలువున్రి, గ్రామసభల అడుగున్రి. పోసినంక ఎవ్వలు తవ్వరు.