12 వోల్టులే కదా!

"12 వోల్టులే కదా, ఏమవుతుంది?" హైదరాబాదు నుంచి 44వ నంబరు హైవే మీద పెర్కిట్‌కి వచ్చే మన ఇంజనీర్లు కార్లో ఇన్వర్టర్ పెట్టించుకుంటూ అనే మాట ఇది. షాక్ కొట్టదు, నిజమే. కానీ కాల్చేది ఆంపియరండీ!

లెక్క చూడండి. 1000 వాట్లంటే 83 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 100కి దగ్గర. లైటర్ సాకెట్ తట్టుకోదు కాబట్టి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగిస్తారు. ఫ్యూజు మాత్రం దండగట!

ఇన్వర్టర్లో ఉందిగా అంటారా? అది ఇన్వర్టర్ కోసం. దారిలో వైరు తొడుగు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఆపేదెవరు? అందుకే బ్యాటరీ ప్లస్ పక్కనే, జానెడు దూరంలోపే, వైరు తట్టుకునే కరెంటుకి మించని ఫ్యూజు ఉండాలి. వైరూ లావుగా ఉండాలి.

ఫైర్‌వాల్ లేకుండా సర్వర్ పెట్టం. మరి ఫ్యూజు లేని కార్లో పిల్లల్ని ఎలా ఎక్కిస్తున్నాం?