తప్పు డ్రైవర్‌ది కాదు

టాటా నెక్సాన్ ఈవీకి సబ్సిడీ నిలిపివేస్తూ 2021లో ఢిల్లీ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం సరైనది. ఒకసారి చార్జ్ చేస్తే 312 కిలోమీటర్లు వెళ్తుందని చెప్పి అమ్మిన కారు 200 కూడా దాటడం లేదని కొన్న మనిషి మొరపెట్టుకున్నాక, కిలోవాట్ అవర్‌కు రూ.10 వేల చొప్పున లక్షన్నర దాకా ప్రజల సొమ్ము అప్పట్లో ఇచ్చిన ప్రభుత్వం కళ్లు మూసుకుని ఉండలేదు. ఇందులో అభ్యంతరకరమైనది కంపెనీ ఇచ్చిన జవాబే. 312 అన్నది వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ధ్రువీకరించిన అంకె అని, వాస్తవంలో ఎంత దూరం వస్తుందన్నది ఏసీ వాడకం, నడిపే తీరు, అప్పటి పరిస్థితులను బట్టి ఉంటుందని అది అంది. కొత్త టెక్నాలజీకి అలవాటు పడ్డాక నాలుగు నుంచి ఆరు వారాల్లో రేంజ్ పది శాతానికి పైగా మెరుగుపడుతోందని కస్టమర్లే చెబుతున్నారని కూడా అంది.

ఈ లెక్కనే ఒప్పుకుందాం. 200కు పది శాతం కలిపితే 220 అవుతుంది. మిగతా 92 కిలోమీటర్లకు జవాబుదారీ ఎవరు?

నడిపే తీరులోనే లోపం ఉందన్న వాదన ఎంత బూటకమో తేల్చడానికి రోడ్డెక్కాల్సిన పని కూడా లేదు. హ్యుందాయ్ కోనా సంగతి చూడండి. అదే మోడల్, అదే 39.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఆ కారుకు మన దేశంలో ప్రకటించిన రేంజ్ 452 కిలోమీటర్లు, ఐరోపాలో ప్రకటించినది 305. ఈ రెండూ ల్యాబ్‌లో రోలర్ల మీద తేల్చిన అంకెలే. ఏ కొనుగోలుదారూ అక్కడ స్టీరింగ్ పట్టుకోలేదు, ఎవరి కాలూ యాక్సిలరేటర్ మీద బరువుగా పడలేదు. అయినా దాదాపు 150 కిలోమీటర్ల తేడా వచ్చింది. మారింది డ్రైవర్ కాదు, పరీక్ష. ఈ సంగతి దేశదేశాల్లో కార్లు అమ్మే పరిశ్రమకు మనకంటే బాగా తెలుసు. తెలిసి కూడా కస్టమర్ అలవాట్ల వైపు వేలు చూపడం అన్యాయం, అవమానం కూడా.

ఆ పరీక్ష ఎలాంటిదో కూడా జనానికి తెలియాలి. ఐరోపా పాత పద్ధతిని కాస్త మార్చి మనం తెచ్చుకున్నదే ఎంఐడీసీ అనే ఈ పరీక్ష. దాని నగర భాగంలో వేగం 50 కిలోమీటర్లు దాటదు, మొత్తం మీద గరిష్ఠ వేగం 90. ఏసీ ఆఫ్‌లో ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది కాబట్టి హైవే మీద బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది, ఆ ఖర్చు ఈ పరీక్షలో సరిగా కనిపించనే కనిపించదు. అసలు రోడ్డుకు, దీనికి పొంతన లేదనే 2017 నుంచి ఐరోపా తన పాత పద్ధతిని వదిలించుకుంటూ వచ్చింది. మనం మాత్రం దాన్నే పట్టుకుని వేలాడుతున్నాం. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీతో 312 కిలోమీటర్లు రావాలంటే కిలోమీటరుకు 97 వాట్ అవర్లే ఖర్చు కావాలి. మే నెలలో ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని వెళ్లే కారుకు అది అయ్యే పనేనా?

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. ప్రకటన నమ్మిన కుటుంబం ఎక్కడా ఆగకుండా బెంజి సర్కిల్ చేరతామనుకుని బయల్దేరుతుంది. 200 మాత్రమే ఇచ్చే కారు కోదాడ దాటి జగ్గయ్యపేట దగ్గరే చేతులెత్తేస్తుంది. పెట్రోల్ అయిపోతే సీసాలో తెచ్చి పోసుకోవచ్చు, చార్జింగ్‌కు ఆ వీలు లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి మీ డ్రైవింగ్ మార్చుకోండని చెబితే సరిపోతుందా?

కంపెనీ నిబంధనలు మీరలేదన్నది, నడిపే ఖర్చు పెట్రోల్ కారు కంటే బాగా తక్కువన్నది నిజమే. అయితే ఆ మంచి పేరును నిలబెట్టుకోవాలన్నా ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందే.

కేంద్ర రవాణా శాఖ ఈ పరీక్షను వెంటనే మార్చాలి. ఏసీ వేసి నగరంలో ఎంత, హైవే మీద ఎంత అన్న రెండు అంకెలూ ప్రతి ప్రకటనలో, ప్రతి షోరూంలో ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. బ్యాటరీ మొత్తం సామర్థ్యంలో నిజంగా వాడుకోగలిగేది ఎంతో కూడా రాయాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్య తీసుకునే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. అది ఈ వ్యవహారాన్ని తనంత తానుగా చేపట్టాలి. 2020లో మొదటి 5 వేల ప్రైవేటు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసిన తెలంగాణ ప్రభుత్వమూ తన మినహాయింపుకు ఆ రెండు అంకెలూ ప్రకటించాలన్న షరతు పెట్టాలి.

అంతవరకు ఎలక్ట్రిక్ కారు కొనదలచినవారు ప్రకటనలో చూపిన కిలోమీటర్లలో మూడోవంతు తీసేసి, మిగిలిన దూరం తమ అవసరానికి సరిపోతుందనుకుంటేనే అడ్వాన్స్ కట్టాలి.